ఇంటి కంప్యూటర్‌ను బయటి నుంచి వాడుకోవడం: రౌటర్‌లో ఒకే తలుపు తెరిచే పద్ధతి

కావాల్సిన ఫైలు ఎప్పుడూ ఇంటి కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, మనం మాత్రం ఇంకెక్కడో ఉంటాం. ఇంట్లో వాళ్లకు ఫోన్ చేసి "డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ ఉంటుంది చూడు, దాన్ని తెరువు, అందులో ఇంకోటి ఉంటుంది..." అంటూ అరగంట నడిపించిన వాళ్లకు ఆ బాధ తెలుసు. ఇంట్లో ఒక కంప్యూటర్ ఉన్నా నాలుగు ఉన్నా, బయటి నుంచి రౌటర్ గుండా వాటిని సురక్షితంగా అందుకోవడం ఎలాగో ఇందులో మొదటి నుంచి చెబుతాను. సెట్టింగులు మార్చే పని గంటలో అయిపోతుంది. కాలం తినేసేది ఎక్కడ ఇరుక్కున్నామో తెలియకపోవడమే. అందుకే అలాంటి చోట్ల కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

రౌటర్ ఎందుకు అడ్డుపడుతుంది

ఇంట్లో ప్రతి కంప్యూటర్‌కూ, ఫోన్‌కూ రౌటర్ ఒక లోపలి అడ్రస్ (ఐపీ అడ్రస్) ఇస్తుంది. అది సాధారణంగా 192.168తో గానీ 10తో గానీ మొదలవుతుంది. ఈ అడ్రస్‌లు ఇంటి గడప దాటితే చెల్లవు. బయటి ప్రపంచానికి కనిపించేది రౌటర్‌కు ఉన్న ఒక్క పబ్లిక్ అడ్రస్ మాత్రమే. లోపలి నుంచి మనం ఏదైనా అడిగితే, ఎవరు అడిగారో రౌటర్ రాసిపెట్టుకుని, జవాబు రాగానే సరిగ్గా వాళ్లకే అందిస్తుంది. ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చినదాన్ని ఎవరికి ఇవ్వాలో దానికి తెలియదు కాబట్టి పారేస్తుంది. ఈ ఏర్పాటు పేరే నాట్. ఫలానా పోర్టుకు (నంబర్ ఉన్న ఒక్కో తలుపు లాంటిది) వచ్చింది ఫలానా కంప్యూటర్‌కు ఇవ్వమని మనం ముందే చెప్పి ఉంచడాన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు.

అన్నిటికంటే ముందు: మీకు నిజంగా పబ్లిక్ అడ్రస్ ఉందా?

ఈ ఒక్క పరీక్ష చేయకుండా నేను ఒక సాయంత్రమంతా పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీతో కుస్తీ పట్టాను. సెట్టింగులన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఏదీ పనిచేయలేదు. చివరికి తేలిందేమిటంటే, నా కనెక్షన్‌కు అసలు పబ్లిక్ అడ్రసే లేదు.

బ్రౌజర్‌లో రౌటర్ లోపలి అడ్రస్ కొట్టి దాని పేజీ తెరిచి, స్టేటస్ గానీ వాన్ (ఇంటర్నెట్ వైపు) గానీ అని ఉన్న చోట చూడండి. అక్కడ ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. తర్వాత మన ఐపీ ఏదో చూపించే వెబ్‌సైట్ ఏదైనా తెరవండి. రెండు చోట్లా ఒకే నంబర్ ఉంటే ముందుకు వెళ్లొచ్చు. తేడా ఉంటే ఆ వాన్ అడ్రస్ ఎలా మొదలవుతుందో చూడండి.

100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు సీజీ నాట్ వెనకాల ఉన్నట్టు. అంటే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామందికి పంచుతోంది. 2012లో ఈ అడ్రస్‌ల వరుసను ప్రత్యేకంగా ఈ పని కోసమే కేటాయించారు. ఇలాంటి కనెక్షన్‌లో మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు, ఎందుకంటే అడ్డంగా ఉన్న అసలు గోడ కంపెనీ దగ్గర ఉంది. స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) ఇస్తారేమో అడగొచ్చు. లేదంటే కింద సీజీ నాట్ గురించి చెప్పిన భాగానికి వెళ్లండి.

వాన్ అడ్రస్ 192.168తోనో 10తోనో మొదలైతే ఇంట్లోనే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉండొచ్చు. కంపెనీ ఇచ్చిన మోడెమ్ కూడా రౌటర్‌లా పనిచేస్తూ, దాని వెనక మీరు కొన్నది ఉంటే ఇలా అవుతుంది. మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రౌటర్ పని మానేసేలా, పెట్టడం మంచి పరిష్కారం. ఇంట్లో ఒకటే రౌటర్ ఉండి కూడా ఇలాగే కనిపిస్తే అది కూడా కంపెనీ వైపు నాట్ అనుకోవచ్చు.

ఏ తలుపు తెరవాలి

చాలా చోట్ల చెప్పే దారి ఇది: విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ స్క్రీన్‌ను వాడుకునే సౌకర్యం) ఆన్ చేయండి, రౌటర్‌లో 3389 పోర్టును ఆ కంప్యూటర్‌కు ఫార్వర్డ్ చేయండి, అంతే. పనిచేస్తుంది. కానీ దయచేసి చేయకండి.

ఒకప్పుడు నేనూ అలాగే చేశాను. కొన్నాళ్లకు ఎందుకో, విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిస్తే 4625 నంబర్ ఎంట్రీలు పేజీలకు పేజీలు ఉన్నాయి. 4625 అంటే విఫలమైన లాగిన్. నాకు ఏమాత్రం తెలియని యూజర్ పేర్లతో ఎవరో, అంటే ఏవో ప్రోగ్రాములు, రాత్రింబవళ్లు తలుపు తడుతూనే ఉన్నాయి. ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పట్టే ఇలాంటి ప్రోగ్రాములకు మీరెవరన్నది పట్టదు, తెరిచి ఉన్న పోర్టు దొరికితే చాలు. 3389 బదులు ఇంకో నంబర్ పెడితే రద్దీ తగ్గుతుందేమో గానీ ప్రమాదం పోదు.

పాస్‌వర్డ్ గట్టిదైతే సరిపోదా అంటే, అదీ నమ్మకం కాదు. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాత విండోస్ వెర్షన్లలోని రిమోట్ డెస్క్‌టాప్‌లో, అసలు లాగిన్ అవ్వకుండానే కంప్యూటర్‌ను చేజిక్కించుకునే వీలు ఇచ్చిన లోపం అది. 2014లోనే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) విడుదల చేసిందంటే ఎంత కంగారు పడ్డారో ఊహించుకోండి.

అందుకని ఇంటర్నెట్ వైపు కంప్యూటర్ పోర్టు ఏదీ తెరవొద్దు. వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు వేసే రహస్య సొరంగం లాంటి దారి) కోసం ఒకే ఒక్క పోర్టు తెరుద్దాం. ముందు వీపీఎన్ ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లోకి వెళ్తాం, ఆ తర్వాత ఇంట్లో కూర్చున్నట్టే ఏ కంప్యూటర్‌కైనా కనెక్ట్ అవుతాం. నాలుగు కంప్యూటర్లున్నా తలుపు ఒకటే. నేను సూచించే వీపీఎన్ వైర్‌గార్డ్. 2020లో విడుదలైన లైనక్స్ 5.6 కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) నుంచి ఇది లైనక్స్‌లో భాగమే. దీనిలో నాకు బాగా నచ్చిన గుణం మౌనం. సరైన తాళంచెవి లేకుండా ఎవరు తట్టినా ఇది అసలు జవాబే ఇవ్వదు. జల్లెడ పట్టే వాళ్లకు అక్కడ తలుపు ఉందన్న సంగతే తెలియదు.

కంప్యూటర్‌ను సిద్ధం చేయడం

విండోస్ ప్రో అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రిమోట్ డెస్క్‌టాప్, అక్కడ ఆన్ చేయండి. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (స్క్రీన్ చూపించకముందే లాగిన్ అడిగే) ఆప్షన్ ఆన్‌లోనే ఉండాలి. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. రోజూ పిన్ కొట్టి లాగిన్ అయ్యేవాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు, కానీ బయటి నుంచి లాగిన్ అయ్యేటప్పుడు కావాల్సింది పాస్‌వర్డే. పాస్‌వర్డే పెట్టుకోని అకౌంట్‌ను విండోస్ మామూలుగా బయటి నుంచి రానివ్వదు.

విండోస్ హోమ్‌లో ఇంకో కంప్యూటర్‌కు కనెక్ట్ అవ్వొచ్చు గానీ, దానికే బయటి నుంచి కనెక్ట్ అయ్యే సౌకర్యం ఉండదు. దానిలో టైట్‌వీఎన్‌సీ, రస్ట్‌డెస్క్ లాంటి స్క్రీన్ పంచుకునే ప్రోగ్రాములు వేసుకోవాలి. మ్యాక్‌లో సెట్టింగ్స్, జనరల్, షేరింగ్ కింద స్క్రీన్ షేరింగ్ ఉంది. లైనక్స్‌కు చాలాసార్లు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే పద్ధతి) ఒక్కటే సరిపోతుంది. దానికి పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, కీ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి లాంటి ఫైల్) ద్వారా మాత్రమే వచ్చేలా పెట్టుకోండి.

తర్వాత కంప్యూటర్ నిద్రపోకుండా చూడాలి. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను "నెవర్" చేయండి. స్క్రీన్ ఆరిపోతే ఫర్వాలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ తనంతట తానే ఆన్ అవ్వాలంటే బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందే తెరిచే సెటప్‌లో) చూడండి. పవర్ పోయి తిరిగొచ్చాక ఏం చేయాలని అడిగే ఆప్షన్ చాలా డెస్క్‌టాప్‌లలో ఉంటుంది.

ముందుకు వెళ్లే ముందు ఇంట్లోనే, అదే వైఫైలో ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో దీనికి కనెక్ట్ అయి చూడండి. లోపలే పనిచేయనిది బయటి నుంచి పనిచేయదు. ఈ మెట్టు దాటేసి, తర్వాత తప్పు రౌటర్‌దో కంప్యూటర్‌దో తెలియక తల పట్టుకునే వాళ్లే ఎక్కువ.

రౌటర్‌లో మూడు పనులు

మొదటిది, కంప్యూటర్ లోపలి అడ్రస్ మారకుండా చేయడం. రౌటర్ ఇచ్చే అడ్రస్ రేపు మారిపోవచ్చు. డీహెచ్‌సీపీ (లోపలి అడ్రస్‌లు పంచే ఏర్పాటు) పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. అక్కడ కనెక్ట్ అయి ఉన్న పరికరాల జాబితాలో మీ కంప్యూటర్‌ను ఎంచుకుని ఒక నంబర్ ఖాయం చేయండి. కంప్యూటర్‌లోనే అడ్రస్ రాసేయడం కంటే ఇలా చేయడమే మేలు, లెక్కంతా ఒకే చోట ఉంటుంది.

రెండోది ఎవరూ చెప్పరు, కానీ చాలా ముఖ్యం. ఇంటి నెట్‌వర్క్ నంబర్ల వరుస మార్చండి. ఎన్నో రౌటర్లు 192.168.0 తోనో 192.168.1 తోనో వస్తాయి. మీ ఇంట్లో 192.168.1 ఉండి, మీరు కూర్చున్న హోటల్ వైఫైలోనూ అదే ఉంటే, 192.168.1.20కి వెళ్లమన్నప్పుడు మీ ల్యాప్‌టాప్ హోటల్లోనే వెతుక్కుంటుంది. వీపీఎన్ కనెక్ట్ అయినట్టే ఉంటుంది, ఇంటి కంప్యూటర్ మాత్రం దొరకదు. రౌటర్ లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్‌లో 192.168.73 లాంటి అరుదైన నంబర్ పెట్టుకోండి. రిజర్వేషన్ల కంటే ముందే ఈ పని చేస్తే మళ్లీ రాసుకునే శ్రమ తప్పుతుంది.

మూడోది డైనమిక్ డీఎన్‌ఎస్. మీ పబ్లిక్ అడ్రస్ ఎప్పుడైనా మారొచ్చు. డైనమిక్ డీఎన్‌ఎస్ సర్వీస్ మీకు ఒక పేరు ఇస్తుంది. అడ్రస్ మారినప్పుడల్లా రౌటర్ ఆ సర్వీస్‌కు కొత్త నంబర్ చెబుతుంది. చాలా రౌటర్లలో ఇది మెనూలోనే ఉంటుంది. లేకపోతే డక్ డీఎన్‌ఎస్, నో ఐపీ లాంటివి వాడుకోవచ్చు. పేరు పెట్టేటప్పుడు మీ సొంత పేరు, ఇంటి పేరు అందులో లేకుండా చూసుకోండి.

వైర్‌గార్డ్ ఏర్పాటు

మీ రౌటర్ మెనూలో వీపీఎన్ సర్వర్ కింద వైర్‌గార్డ్ ఉందేమో చూడండి. ఆసుస్, మైక్రోటిక్, జీఎల్ ఐనెట్, ఫ్రిట్జ్‌బాక్స్ లాంటి వాటి కొత్త సాఫ్ట్‌వేర్‌లో చాలా మోడల్స్‌కు ఉంది. ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసిన రౌటర్లకూ ఉంది. పాత రౌటర్‌లో ఓపెన్ వీపీఎన్ మాత్రమే ఉంటే అదైనా చాలు, కాస్త నెమ్మదిగా ఉంటుంది అంతే.

రౌటర్‌లోనే ఉంటే పని తేలిక:

1. వైర్‌గార్డ్ సర్వర్ ఆన్ చేయండి. పోర్టు సాధారణంగా 51820, యూడీపీ (డేటా పంపే పద్ధతుల్లో ఒకటి, ఇంకోటి టీసీపీ). లోపలి సొరంగానికి దానికంటూ వేరే నంబర్ల వరుస ఉంటుంది, ఉదాహరణకు 10.6.0. దాన్ని అలాగే ఉంచండి.
2. కొత్త క్లయింట్ లేదా పీర్ (కనెక్ట్ అయ్యే పరికరం) అనే చోట మీ ఫోన్ కోసం ఒకటి, ల్యాప్‌టాప్ కోసం ఇంకోటి సృష్టించండి. ఒకే కాన్ఫిగరేషన్‌ను రెండు పరికరాల్లో వేయకండి. ఒకటి కనెక్ట్ అయినప్పుడల్లా రెండోది ఊడిపోతూ ఉంటుంది.
3. ఎండ్‌పాయింట్ అనే చోట ఇందాకటి డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు ఉందో లేదో చూడండి. కొన్ని రౌటర్లు అక్కడ ఇవాళ్టి ఐపీ నంబర్ రాసేస్తాయి. అది మారిన రోజున మీరు బయటే ఉండిపోతారు.
4. ఫోన్‌లో వైర్‌గార్డ్ యాప్ వేసి, రౌటర్ చూపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. ల్యాప్‌టాప్‌కైతే ఫైల్ దింపుకుని ఇంపోర్ట్ చేయండి. ఆ ఫైల్‌లో మీ ఇంటి తాళంచెవి ఉంది, వాట్సాప్ గ్రూపుల్లో పంపుకునేది కాదు.

క్లయింట్ వైపు "అలౌడ్ ఐపీస్" అనే గడి చాలామందిని తికమక పెడుతుంది. ఏయే అడ్రస్‌లకు వెళ్లే ట్రాఫిక్ సొరంగంలోంచి పోవాలో అది చెబుతుంది. 0.0.0.0/0 అని ఉంటే మొత్తం ఇంటర్నెట్ ఇంటి మీదుగా వెళ్తుంది. తెలియని వైఫైలో అది మంచిదే గానీ, వేగం మీ ఇంటి అప్‌లోడ్ స్పీడ్‌ను దాటదు. ఇంటి కంప్యూటర్లు మాత్రమే కావాలంటే ఇంటి వరుస, సొరంగం వరుస రాస్తే చాలు: 192.168.73.0/24, 10.6.0.0/24 (/24 అంటే మొదటి మూడు నంబర్లు అవే ఉన్న వరుస మొత్తం).

రౌటర్‌లో వీపీఎన్ అసలే లేకపోతే, ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై లాంటిది, ఆ పని చేస్తుంది. దానికి అడ్రస్ రిజర్వ్ చేసి, రౌటర్ పోర్ట్ ఫార్వర్డింగ్‌లో యూడీపీ 51820ను దానికి పంపండి. టీసీపీ అని పెడితే పనిచేయదు. ఇది తరచూ జరిగే పొరపాటు. ఆ చిన్న కంప్యూటర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ కూడా ఆన్ చేయాలి, లేకపోతే సొరంగంలోంచి దాని వరకే రాగలరు, పక్క గదిలోని కంప్యూటర్‌కు చేరలేరు. సొరంగం వరుసకు దారి ఎటో ఇంటి రౌటర్‌కు తెలియాలి కాబట్టి, రౌటర్‌లో ఒక స్టాటిక్ రూట్ అయినా రాయాలి, లేదా ఆ చిన్న కంప్యూటర్‌లో మాస్కరేడ్ (సొరంగంలోంచి వచ్చినదాన్ని తన అడ్రస్‌తోనే పంపడం) అయినా పెట్టాలి.

పరీక్షించడం, ఇరుక్కున్న చోటు కనిపెట్టడం

ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద పరీక్షించండి. ఇంటి వైఫైలో ఉంటూ మన పబ్లిక్ అడ్రస్‌కే వెళ్లాలంటే కొన్ని రౌటర్లకు చేతకాదు, అంతా సరిగ్గా ఉన్నా తప్పు అనిపిస్తుంది. పోర్ట్ తెరిచి ఉందో లేదో చెప్పే వెబ్‌సైట్లను కూడా నమ్మకండి. వైర్‌గార్డ్ మౌనంగా ఉంటుందని చెప్పాను కదా, అవి "మూసి ఉంది" అనే అంటాయి.

యాప్‌లో బటన్ ఆన్ చేయగానే "యాక్టివ్" అని వస్తుంది. దానికి అర్థం ఏమీ లేదు, సర్వర్ ప్రపంచంలోనే లేకపోయినా అలాగే వస్తుంది. చూడాల్సింది "లేటెస్ట్ హ్యాండ్‌షేక్" అనే వరుస. అది కనిపించి, కొన్ని సెకన్ల క్రితం అని ఉంటే తలుపు తెరుచుకున్నట్టు. ఆ వరుస రాకపోతే లోపం పోర్టులోనో, డీఎన్‌ఎస్ పేరులోనో, కీలలోనో ఉంది.

హ్యాండ్‌షేక్ వచ్చాక రౌటర్ లోపలి అడ్రస్‌ను బ్రౌజర్‌లో తెరిచి చూడండి. రౌటర్ పేజీ వచ్చి కంప్యూటర్ రాకపోతే అనుమానం కంప్యూటర్ ఫైర్‌వాల్ (అనుమతి లేని కనెక్షన్లను ఆపే కాపలా) మీదకు మళ్లుతుంది. ఇక్కడ విండోస్ ఒక తమాషా చేస్తుంది. నెట్‌వర్క్ ప్రైవేట్ అని ఉన్నా, పింగ్‌కు (కంప్యూటర్ పలుకుతుందా అని చూసే పరీక్షకు), షేర్డ్ ఫోల్డర్లకు సంబంధించిన దాని నియమాలు మామూలుగా సొంత వరుసలోని అడ్రస్‌లనే ఒప్పుకుంటాయి. మీరు వస్తున్నది 10.6.0 వరుస నుంచి. కాబట్టి పింగ్‌కు జవాబు రాదు, ఫోల్డర్లు తెరుచుకోవు, కానీ రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం హాయిగా పనిచేస్తుంది. పింగ్ రాలేదని నిరాశపడి అక్కడే ఆగిపోకండి. ఫోల్డర్లు కూడా కావాలంటే డిఫెండర్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆ నియమం తెరిచి, స్కోప్ ట్యాబ్‌లో సొరంగం వరుసను చేర్చండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం పరిష్కారం కాదు.

చిన్న పేజీలు వస్తూ పెద్దవి మధ్యలో ఆగిపోతుంటే క్లయింట్‌లో ఎంటీయూ (ఒక్కో డేటా ముక్క గరిష్ఠ పరిమాణం) 1280కి తగ్గించి చూడండి. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగిపోతే ఒకసారి సొరంగం ఆఫ్ చేసి ఆన్ చేయండి. మొదలయ్యేటప్పుడు వెతికి పట్టుకున్న అడ్రస్‌నే వైర్‌గార్డ్ వాడుతూ ఉంటుంది, ఇంటి ఐపీ మారిన సంగతి దానికి తెలియదు.

ఆపేసిన కంప్యూటర్‌ను దూరం నుంచి లేపడం

రోజంతా ఆన్‌లో ఉంచడం ఇష్టం లేకపోతే వేక్ ఆన్ లాన్ ఉంది. నెట్‌వర్క్ కార్డు అడ్రస్‌ను 16 సార్లు వరసగా రాసిన ఒక ప్యాకెట్ పంపితే కంప్యూటర్ లేస్తుంది. బయోస్‌లోనూ, విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు పవర్ సెట్టింగ్స్‌లోనూ దీన్ని ఆన్ చేయాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, అది ఉంటే షట్‌డౌన్ చేసిన కంప్యూటర్ చాలాసార్లు లేవదు. కేబుల్ కనెక్షన్ ఉండాలి, వైఫై మీద దీన్ని నమ్ముకోలేం. ఆ ప్యాకెట్ ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ కేక వేసినట్టు వెళ్లేది కాబట్టి సొరంగం దాటి రాదు. అందుకే రౌటర్ పేజీలోకి వెళ్లి అక్కడున్న వేక్ బటన్ నొక్కడమో, ఇంట్లోని చిన్న కంప్యూటర్ చేత పంపించడమో చేయాలి.

సీజీ నాట్ ఉన్నవాళ్లకు

బయటి నుంచి లోపలికి రాలేం గానీ లోపలి నుంచి బయటకు వెళ్లొచ్చు. ఆ సూత్రం మీదే టెయిల్‌స్కేల్ లాంటివి పనిచేస్తాయి. ఇంటి కంప్యూటర్‌లోనూ, ఫోన్‌లోనూ వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, రెండిటినీ అవే కలుపుతాయి. లోపల వాడేది వైర్‌గార్డే. రౌటర్‌ను ముట్టుకోనక్కర్లేదు. అలాంటప్పుడు అందరూ ఇదే వాడొచ్చు కదా అంటారేమో, వాడొచ్చు. కాకపోతే ఇంటి తాళం ఆ అకౌంట్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి దానికి రెండంచెల లాగిన్ తప్పకుండా పెట్టాలి. స్క్రీన్ ఒక్కటే కావాలంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ కూడా ఇలాంటి కనెక్షన్‌లో పనిచేస్తుంది.

ఊరెళ్లే ముందు

రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారా? దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారా? ఇంటర్నెట్ వైపు నుంచి రౌటర్ పేజీ తెరుచుకునే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్‌లో ఉందా? వీపీఎన్‌లోంచి వెళ్తే ఆ పేజీ ఎలాగూ వస్తుంది, దానికి వేరే తలుపు ఎందుకు? యూపీఎన్‌పీ కూడా ఆపేయండి. అది ఉంటే ఇంట్లోని ఏ ప్రోగ్రామైనా మనల్ని అడగకుండానే పోర్టులు తెరుచుకోగలదు. ఎప్పుడో ప్రయోగానికి తెరిచి మర్చిపోయిన 3389 లాంటివి ఫార్వర్డింగ్ జాబితాలో మిగిలి ఉంటే తీసేయండి. ఫోన్ పోతే ఆ ఒక్క పీర్‌ను రౌటర్‌లో తొలగిస్తే సరిపోతుంది. అందుకే వేర్వేరు కాన్ఫిగరేషన్లు చేయమన్నది.

ఇంకొకటి. దూరంగా ఉన్నప్పుడు ఫైర్‌వాల్, వీపీఎన్, నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు ముట్టుకోకండి. కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్న రోజు ఒకటుంది. ఇంటి కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డును ఒకసారి డిజేబుల్ చేసి ఎనేబుల్ చేద్దామనుకున్నాను. డిజేబుల్ అయింది, స్క్రీన్ ఆగిపోయింది, ఎనేబుల్ నొక్కడానికి నేను అక్కడ లేను. మళ్లీ ఇంటికి ఫోన్ చేసి "డెస్క్‌టాప్ మీద ఒక ఐకాన్ ఉంటుంది చూడు..." అని మొదలుపెట్టాల్సి వచ్చింది.